చెత్తబండి పాటకు ఒకటే షరతు

సింగనపాలెం పురపాలక సంఘానికి చెత్తబండ్లు ఇరవై ఎనిమిది. జూన్ మొదటి సోమవారం అవి పాట లేకుండా బయల్దేరాయి.

అంతకుముందు ఆరేళ్లపాటు వాటి మీద ఒక సినిమా బాణీ మోగేది. మాటలు పరిశుభ్రత గురించి కొత్తగా రాయించినవే గానీ బాణీ సినిమాదే. దాని హక్కులున్న కంపెనీ నుంచి మే నెలాఖరున నోటీసు వచ్చింది. కమిషనరు పుండరీకాక్షుడు నోటీసు చదివి ఆ రోజే ఉత్తర్వు ఇచ్చారు. హక్కుదారుని రాతపూర్వక అనుమతి లేని ఏ ధ్వనినీ సంఘ వాహనాలపై వినిపించరాదు, అన్నది ఉత్తర్వు. పాట అని రాస్తే సరిపోయేది. ధ్వని అని రాశారు. డ్రైవర్లు హారన్ కొట్టడం మానేశారు. హారన్ తయారుచేసిన కంపెనీ అనుమతి వాళ్ల దగ్గర లేదు.

బండి వచ్చినట్టు ఊరికి తెలియలేదు. డబ్బాలు ఇళ్లలోనే ఉండిపోయాయి. మూడో రోజుకి వాటిని వీధి మలుపుల్లో పోశారు. ఐదో రోజుకి అక్కడ ఆవులు చేరాయి. ఆవుల గురించి పశుసంవర్ధక శాఖకు ఒక లేఖ వెళ్లింది.

పంతొమ్మిదో వార్డులో మాత్రం ఏడు గంటలకల్లా డబ్బాలు గుమ్మాల్లోకి వచ్చేవి. అక్కడ చెత్త ఎత్తేది జలుమూరి పైడితల్లి. బండి మౌనంగా ఉండడంతో ఆమె బండి వెనక నడుస్తూ పాడడం మొదలుపెట్టింది. మాటలూ వరసా ఆమెవే.

తడిదొక సేత, పొడిదొక సేత,
తలుపు తియ్యవే తల్లీ, బండొచ్చినాది.
నిన్నటి కూర నిన్నతో పోనాది,
నాకిచ్చీ తల్లీ, నానెత్తుకెల్తాను.
గాజుపెంకుంటే గుడ్డలో సుట్టు,
నా సెయ్యి కూడా సెయ్యే తల్లీ.

ఇది ఉత్తర్వుకు విరుద్ధమా అని ఆరోగ్య విభాగంలో చర్చ జరిగింది. ఆమె బండి మీద కాక బండి వెనక నడుస్తోంది కాబట్టి ఆమె నోరు సంఘ వాహనం నిర్వచనంలోకి రాదని తేల్చారు.

ఆ వార్డులోనే గొర్లె దాలినాయుడు ఉంటాడు. ఆర్టీసీ కాంప్లెక్సు వెనక వీధిలో అతనికి సౌండ్ సర్వీసు ఉంది. పెళ్లిళ్లకు మైకులు పెడతాడు. చెత్తబండ్ల స్పీకర్లు చెడిపోతే బాగుచేసేదీ అతనే. మూతపడిన నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్న కంప్యూటరు ఒకటి షాపు వెనక గదిలో ఉంది. దాన్ని నడిపించే లినక్సు, దాని మీద పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేరు, రెండూ ఇంటర్నెట్లో ఉచితంగా దొరికేవే. ఎవరెవరో రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు అని వదిలినవి. నాలుగేళ్లుగా అతను ఊళ్లో పాడేవాళ్లను కూర్చోబెట్టి రికార్డు చేసి అదే పద్ధతిలో బయటికి వదులుతున్నాడు. అప్పటికి విన్నవాళ్లు రెండు వందల మంది ఉంటారు. అందులో అతని బావమరిది పలుమార్లు ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం పని దిగి వెళ్తున్న పైడితల్లిని దాలినాయుడు షాపులోకి పిలిచాడు. గోడలకు పెళ్లి పందిరి తివాచీలు వేలాడదీశాడు. ఆమెను పాడమన్నాడు. తాళానికి చెత్తడబ్బా మూత వాయించాడు. చీపురు నేల మీద రాసే చప్పుడు విడిగా పట్టి, పాట కింద పరిచాడు. బయట వీధిలో తోపుడుబండి చక్రం కీచుమంటే దాన్ని కూడా ఉంచేశాడు. మొత్తం రెండు నిమిషాల పది సెకన్లు.

దీన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదులుతానని చెప్పి, అదేమిటో ఆమెకు వివరించాడు. ఎవరైనా వాడుకోవచ్చు. అడగక్కర్లేదు. అయితే ఒక షరతు పెట్టుకోవచ్చు. ఏం పెట్టమంటావని అడిగాడు.

పైడితల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వడిగినావు గాబట్టి సెప్తన్నాను నాయుడుబాబూ. పాట ఆకర్ని నా పేరు సెప్పించు. పదారేళ్లయి ఈ వీధుల్లో తిరుగుతన్నాను. చెత్తొచ్చింది అంటారు గానీ పైడితల్లొచ్చిందని ఒక్కలంటే ఒక్కలు అన్నేదు."

ఆమె చెప్పింది వీధుల సంగతి. కాగితాల్లోనూ అంతే. ఆమెను పనికి పంపేది ఒక ఏజెన్సీ. ఏజెన్సీ హాజరుపట్టీలో ఆమె పంతొమ్మిది-బి. ఏజెన్సీ సంఘానికి పంపే కాగితంలో ఆ అంకె కూడా ఉండదు. పారిశుద్ధ్య సేవ, అరవై నాలుగు యూనిట్లు అని ఉంటుంది.

దాలినాయుడు ఆమె చేతనే చెప్పించి రికార్డు చేశాడు. పాట అయిపోయాక ఒక్క క్షణం ఆగి, ఆ గొంతే "పాడింది జలుమూరి పైడితల్లి, పంతొమ్మిదో వార్డు, సింగనపాలెం" అంటుంది. లైసెన్సులో షరతు ఒకటే పెట్టాడు. పాట ఎక్కడ వినిపించినా పాడినావిడ పేరు వినిపించాలి.

మర్నాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని పురపాలక సంఘం కార్యాలయానికి వెళ్లాడు. సూపరింటెండెంటు శీలా జగ్గారావు పాట వినలేదు. ముందు అనుమతి పత్రం అడిగారు. దాలినాయుడు లైసెన్సు ప్రతి ఇచ్చాడు. జగ్గారావు కళ్లజోడు మార్చుకుని రెండుసార్లు చదివారు.

"ఇది లోకంలో అందరికీ ఇచ్చిన అనుమతి. మన సంఘానికి ఇచ్చినది ఏదీ?"

"అందరంటే అందులో మీరు నేరేటండి, సూపరెంటుగారూ?"

"ఉన్నామో లేమో నువ్వు చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. ఫైలు చెప్పాలి."

ఫైలు తెరిచారు. విషయం: అందరిలో పురపాలక సంఘం కలదా, లేదా. న్యాయ సలహాదారుకు పంపారు. ఆయన పద్దెనిమిది రోజుల తర్వాత అభిప్రాయం ఇచ్చారు. అందరూ అన్న మాట మనుషులకు వర్తిస్తుందనీ, సంఘం మనిషి కాదనీ, అయితే తాను అందరిలో ఉన్నట్టు భావించుకోవడానికి సంఘానికి చట్టం అడ్డు రాదనీ, అలా భావించుకోవాలంటే కౌన్సిలు తీర్మానం చేయాలనీ రాశారు.

జులై సమావేశంలో తీర్మానం పెట్టారు. ప్రతిపక్ష సభ్యుడొకరు లేచి అభ్యంతరం చెప్పారు. నూట ఇరవై ఏళ్ల చరిత్ర ఉన్న సంఘం అందరిలో ఒకటి ఎలా అవుతుందని అడిగారు. నిన్నగాక మొన్న పురపాలక సంఘాలైన ఊళ్లతో కలిపి మనల్ని లెక్కగడితే ప్రజలకు ఏం సమాధానం చెప్పాలన్నారు. పాలకపక్షంలోనూ కొందరు బల్లలు చరిచారు. చివరికి సవరణతో నెగ్గింది. సింగనపాలెం పురపాలక సంఘం అందరిలో ఉన్నప్పటికీ అందరికంటే ముందున్నదని ఈ కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

ఈలోగా ఆ పాటను ఏడు ఊళ్ల పురపాలక సంఘాలు దించుకున్నాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు. సీమలో ఒక ఊరివాళ్లు మాటలను తమ యాసలోకి మార్చి వాళ్ల ఊరి మనిషి చేత పాడించుకున్నారు. దానికీ లైసెన్సు ఒప్పుకుంటుంది. ఆ పాట చివర ఇద్దరి పేర్లూ చెప్పారు. పేరు చెప్పడానికి అక్కడ ఎంత సమయం పట్టిందో దాలినాయుడు కొలిచాడు. ఆరు సెకన్లు.

సింగనపాలెంలో ఫైలు కంప్యూటరు విభాగానికి వెళ్లింది. పాటను తయారుచేసిన సాఫ్ట్‌వేరు సక్రమమైనదేనని రుజువు కావాలన్నారు. జగ్గారావు బిల్లు అడిగారు. ఉచితమని దాలినాయుడు చెప్పాడు. ఉచితంగా వచ్చినదానికి ఉచితంగా వచ్చినట్టు బిల్లు ఉండాలి కదా, అన్నారు జగ్గారావు. అది తయారుచేసిన వారి చేత ఒక సంతకం పెట్టించి తెమ్మన్నారు. తయారుచేసినవాళ్లు వేలమంది, ఏ దేశాల్లో ఉంటారో తెలియదు, ఎవరికి వీలైన ముక్క వాళ్లు రాసిపెడతారు, అని దాలినాయుడు వివరించాడు. జగ్గారావు అదంతా విని ఫైలులో ఒక్క వాక్యం రాశారు: తయారీదారులు పరారీలో ఉన్నట్టు తెలియవచ్చినది.

దాంతో ఫైలు పోలీసు స్టేషనుకు వెళ్లింది. ఎస్సై దాలినాయుణ్ణి కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఎవరి వస్తువైనా పోయిందా అని అడిగాడు. పోలేదని దాలినాయుడు చెప్పాడు. ఎవరైనా ఫిర్యాదు ఇచ్చారా అని అడిగాడు. ఇవ్వలేదు. అయితే కేసేమిటని అడిగాడు. అది తనకూ తెలియదని దాలినాయుడు అన్నాడు. సదరు సాఫ్ట్‌వేరు పోయినట్టు ఈ స్టేషను పరిధిలో ఎవరూ ఫిర్యాదు చేసి ఉండలేదని ఎస్సై ధ్రువపత్రం రాసి ఇచ్చాడు. కంప్యూటరు విభాగం దాంతో తృప్తిపడింది.

ఆగస్టు మూడో వారంలో ఫైలు కమిషనరు బల్ల మీదికి చేరింది. తొంభై రెండు పేజీలు. అన్ని అనుమతులూ ఉన్నాయి. వచ్చే నెల మొదటి సోమవారం రాష్ట్రం నుంచి పరిశుభ్రత తనిఖీ బృందం వస్తోంది. పుండరీకాక్షుడు సంతకం పెట్టడానికి పెన్ను తీసి, పద్ధతి ప్రకారం ఒకసారి పాట విందామన్నారు. అప్పటివరకు ఆ కార్యాలయంలో దాన్ని ఎవరూ వినలేదు.

జగ్గారావు ఫోనులో వినిపించారు. కమిషనరు కళ్లు మూసుకుని విన్నారు. గాజుపెంకు దగ్గర తల ఊపారు. పాట అయిపోయింది. పేరు వచ్చింది. ఆయన కళ్లు తెరిచారు.

ఆ పేరు ఎవరిదని అడిగారు. జగ్గారావు చెప్పారు. కమిషనరు పెన్నుకు మూత పెట్టేశారు.

ఆయన భయానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట పొరుగు జిల్లాలో ఏజెన్సీ కార్మికులు కొందరు కోర్టుకు వెళ్లారు. తాము ఏజెన్సీ మనుషులం కాము, పురపాలక సంఘం మనుషులమే అన్నారు. జెండా పండగనాడు కమిషనరు తమను పేరుతో పిలిచి మిఠాయి ఇస్తున్న ఫొటో, కింద పేర్లు అచ్చయిన కరపత్రం చూపించారు. కోర్టు వాళ్లను పర్మనెంటు చేయమంది. ఆ తర్వాత ఆ జిల్లాలో మిఠాయి ఇవ్వడం మానేశారు.

"రోజుకు ఇరవై ఎనిమిది బండ్లు, ఒక్కో బండి నలభై సార్లు, మన స్పీకర్ల మీద, మన వార్డు నంబరుతో సహా," అన్నారు పుండరీకాక్షుడు. "మనమే ఊరంతా చాటింపు వేస్తున్నాం జగ్గారావుగారూ, ఈమె మన మనిషని."

పేరు తీసేయమని దాలినాయుడికి చెప్పారు. పాటను ముక్కలు చేసుకోండి, మాటలు మార్చుకోండి, వేగం పెంచుకోండి, పేరొక్కటి మాత్రం ఉంచండి, అన్నాడు దాలినాయుడు. పేరు తీస్తే లైసెన్సు పోతుందన్నాడు. అప్పుడిది కూడా అనుమతి లేని ధ్వని అవుతుంది. కమిషనరు సొంత ఉత్తర్వే అడ్డం వస్తుంది.

పేరు ప్రతిష్టంభనపై త్రిసభ్య సంఘం వేశారు. ఆ ముగ్గురూ మూడుసార్లు సమావేశమై నాలుగు ప్రతిపాదనలు చేశారు. మొదటిది, పేరు వినిపించవచ్చు గానీ చెవికి అందని స్థాయిలో వినిపించాలి. రెండోది, బండ్లు డంపింగ్ యార్డుకు చేరి ఇంజన్లు ఆపాక, చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకుని అక్కడ వినిపించాలి. మూడోది, పర్మనెంటు సిబ్బందిలో పైడితల్లి అనే పేరుగలవారు ఉన్నారేమో చూసి ఆ పేరు వారిదిగా భావించాలి. వెతికారు. పైడిరాజు అని ఒక అటెండరు దొరికాడు. మూడు నెలల్లో పదవీ విరమణ ఉంది, ఇప్పుడు ఆడమనిషిని కాలేనని అతను రాసిచ్చాడు.

నాలుగో ప్రతిపాదన కమిషనరుకు నచ్చింది. పైడితల్లిని పిలిపించారు.

పదహారేళ్లలో ఆమె ఆ భవనం మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. కింద గదుల్లో చెత్తబుట్టలు ఎత్తింది గానీ పై అంతస్తుకు వేరే యూనిట్లు ఉన్నాయి. తోడుగా దాలినాయుడు వచ్చాడు. కుర్చీలు నాలుగున్నాయి. త్రిసభ్య సంఘం మూడింట్లో కూర్చుంది. నాలుగోదాంట్లో ఫైలు ఉంది.

పుండరీకాక్షుడు మెల్లగా మొదలుపెట్టారు. పాట బాగుందన్నారు. శాలువా కప్పుతామన్నారు. ఫొటో లేకుండా. లైసెన్సు పెట్టింది దాలినాయుడైనా పాట ఆమెది కాబట్టి, ఆమె ఒప్పుకుంటే పేరు లేని పాటను సంఘానికి విడిగా ఇవ్వచ్చని న్యాయ సలహాదారు చెప్పారన్నారు.

"చూడమ్మా. వ్యక్తి గొప్పా, సంస్థ గొప్పా?"

"నాకేటి తెల్దు బాబూ," అంది పైడితల్లి. "సంస్థ పాడనేదు గదా."

జగ్గారావు ఫైలు తెరిచి నాలుగో ప్రతిపాదన చదివారు. జలుమూరి పైడితల్లి అను ఆమె తన పేరును గెజెట్ ప్రకటన ద్వారా 'సింగనపాలెం పురపాలక సంఘం' అని మార్చుకొనినచో, లైసెన్సు షరతు ప్రకారం గాయని పేరు చెప్పినట్టూ అగును, సంఘం పేరు చెప్పినట్టూ అగును. గెజెట్ రుసుము సంఘమే భరించును.

పైడితల్లికి అర్థం కాలేదు. దాలినాయుడు విడమర్చి చెప్పాడు. ఆమె రెండోసారి చెప్పించుకుంది.

"ఇకనుంచి ఊరి పేరే నీ పేరు," అన్నారు పుండరీకాక్షుడు. "ఎవరికి దక్కుతుంది అంత గౌరవం?"



"అయితే బాబూ, జీతం నాకు నానే ఇచ్చుకోవాలేటి?"

త్రిసభ్య సంఘం ఫైలు వైపు చూసింది. ఫైలులో ఆ ప్రశ్నకు సమాధానం లేదు.

"మా మనవరాలు బళ్లో చదువుతన్నాది," అంది పైడితల్లి. "మీ అమ్మమ్మ పేరేటని అడిగితే పురపాలక సంగం అని సెప్పాలా? వొద్దు బాబూ. మీకు పాట కావాలంటే పేరు సెప్పండి. పేరు వొద్దంటే పాటా వొద్దు. ఆవులున్నాయి గదా, అవి తింటాయి."

నమస్కారం పెట్టి మెట్లు దిగింది. దిగుతూ, మెట్ల మీద ఎవరో తిని పారేసిన వేరుశనగ పొట్టు వంగి ఏరింది. పై అంతస్తు తన యూనిట్ కాదని గుర్తొచ్చి అక్కడే ఉంచేయబోయింది. మళ్లీ తీసుకుని వెళ్లింది.

తనిఖీ బృందం రావడానికి తొమ్మిది రోజులు ఉంది. సొంతంగా పాట చేయించుకుంటే పేరు బాధ ఉండదని కమిషనరు నిర్ణయించారు. జగ్గారావు రాశారు, జగ్గారావే పాడారు. పల్లవి: ఘనవ్యర్థముల విభజన పౌరుల విధి, ఉల్లంఘనలపై చర్య తథ్యము. మొదటి రోజు బండ్లు ఆ పాటతో తిరిగితే జనం తలుపులు వేసుకున్నారు. పన్ను వసూలుకు వచ్చారనుకున్నారు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. పంతొమ్మిదో వార్డులో జనం పైడితల్లి పాటను ఫోన్లలో పెట్టుకుని, బండి కనబడగానే వాళ్లే మోగిస్తున్నారు. పాట చివర పేరు వస్తోంది. పక్కన సంఘం బండి ఉంటోంది. దూరం నుంచి వినేవాళ్లకు బండే చెబుతున్నట్టు ఉందని ఆరోగ్య విభాగం నివేదించింది. కమిషనరు ఆలస్యం చేయలేదు. ఆమె పేరును సంఘ వాహనాలపై గానీ, వాహనాల సమీపంలో గానీ ఎవరూ ఉచ్చరించరాదని ఉత్తర్వు వేయమన్నారు.

జగ్గారావు చిత్తుప్రతి తయారుచేశారు. అందులో జాగ్రత్తగా 'యూనిట్ పంతొమ్మిది-బి పేరు' అని రాశారు. డిస్పాచ్ విభాగం దాన్ని వెనక్కి పంపింది. ఏ పేరు చెప్పకూడదో ఉత్తర్వులో లేదనీ, పేరు తెలియనిదే ఎవరూ దాన్ని చెప్పకుండా ఉండలేరనీ, ఎవరి గురించి ఉత్తర్వు వేస్తారో వారి పూర్తి చిరునామా ఉండనిదే డిస్పాచ్ నంబరు ఇవ్వడం కుదరదనీ రాసింది. అది సరైన అభ్యంతరమే. ముప్పై ఏళ్ల సర్వీసులో జగ్గారావు అలాంటి అభ్యంతరాలు వందలసార్లు తానే రాశారు. మారుమాట లేకుండా సరిచేశారు.

ఉత్తర్వు ఇలా వెలువడింది. శ్రీమతి జలుమూరి పైడితల్లి, పారిశుద్ధ్య కార్మికురాలు, పంతొమ్మిదో వార్డు, సింగనపాలెం పురపాలక సంఘం గారికి. పైన పేర్కొన్న మీ పేరు సంఘ వాహనాలపై గానీ, వాటి సమీపమున గానీ వినిపించుట ఇందుమూలముగా నిషేధించడమైనది. కింద కమిషనరు సంతకం, ముద్ర, తేదీ, నంబరు. ప్రతులు ముప్పై ఒకటి.

ప్రజలకు వర్తించే ఉత్తర్వును బండ్ల మీద మూడు రోజులు చాటించాలన్నది పాత నిబంధన. చాటింపు రికార్డు చేయడానికి ఊళ్లో ఉన్నది దాలినాయుడి షాపే. జగ్గారావు స్వయంగా వెళ్లి తివాచీల మధ్య కూర్చుని చదివారు. దాలినాయుడు ఆ సాఫ్ట్‌వేరుతోనే పట్టి, ఊపిరి చప్పుళ్లు తీసేసి ఇచ్చాడు. ఇస్తూ ఒక దరఖాస్తు కూడా ఇచ్చాడు.

దరఖాస్తులో మూడు వాక్యాలున్నాయి. లైసెన్సు షరతు గాయని పేరు వినిపించడమే. ఈ చాటింపులో గాయని పేరు, వార్డు, ఊరు వినిపిస్తున్నాయి. కాబట్టి పాట చివర పేరు తీసేసి, చాటింపు వెంటనే పాట వేసుకుంటే తనకు గానీ ఆమెకు గానీ అభ్యంతరం లేదు.

జగ్గారావు దాన్ని నిలబడే చదివారు. ఇంటికి వెళ్లి మళ్లీ చదివారు. తనిఖీ బృందం రావడానికి మూడు రోజులుంది. మర్నాడు ఫైలులో రాశారు: పేరు చెప్పడం వేరు, చెప్పకూడదని చెప్పడం వేరు. మొదటిది నిషిద్ధము. రెండవది తప్పనిసరి. లైసెన్సు షరతు రెండవదానితో నెరవేరుచున్నందున పాట వినియోగమునకు అభ్యంతరము లేదు.

కమిషనరు ఒక్క సందేహం అడిగారు. చాటింపు మూడు రోజులే కదా, నాలుగో రోజున షరతు మాటేమిటి? పాట ఉన్నంతకాలం చాటింపు ఉండాలని జగ్గారావు సూచించారు. పుండరీకాక్షుడు సంతకం పెట్టారు.

సోమవారం తనిఖీ బృందం వచ్చేసరికి మలుపుల్లో చెత్త లేదు. ఆవులు వెళ్లిపోయాయి. ఊళ్లో ఇరవై ఎనిమిది బండ్లు తిరిగాయి. ప్రతి వీధిలో ముందు జగ్గారావు గొంతు వినిపించింది. జలుమూరి పైడితల్లి, పారిశుద్ధ్య కార్మికురాలు, పంతొమ్మిదో వార్డు, సింగనపాలెం పురపాలక సంఘం. సదరు పేరు ఈ వాహనంపై వినిపించుట నిషేధించడమైనది. ఆ వెంటనే పైడితల్లి గొంతు తలుపు తియ్యమంది.

ఉత్తర్వు అసలు ప్రతి ఆమెకు చేరింది. అటెండరు పైడిరాజు తెచ్చి, ముట్టినట్టు వేలిముద్ర వేయించుకున్నాడు. ఆమెకు చదువు రాదు. కాగితం దాలినాయుడి దగ్గరికి తీసుకెళ్లింది. అతను ముందు మనసులో చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు. చిరునామా మాత్రం రెండుసార్లు చదివాడు.

"ఇందులో నా పేరు ఎక్కడున్నాది బాబూ?"

చూపించాడు. ఆమె వేలు పెట్టి చూసుకుంది.

"కింద ఈ ముద్ర ఆపీసుదేనా?"

"ఆపీసుదే. కమిషనరు సంతకం. నీ పేరు పక్కన నువ్వు వాళ్ల దగ్గర పనిచేస్తన్నట్టు వాళ్లే రాసినారు, పైడితల్లీ."

ఆ కాగితానికి బజారులో ప్లాస్టిక్ అట్ట వేయించింది. కార్మిక సంఘం లాయరు దాన్ని చూసి, మడత పెట్టనందుకు ఆమెను మెచ్చుకున్నాడు. ఆమెను పర్మనెంటు చేయాలని వేసిన కేసు నడుస్తోంది. దాఖలు చేసిన పత్రాల్లో మొదటిది ఆ ఉత్తర్వు. రెండోది చాటింపు రికార్డింగు. అది తన గొంతేనని జగ్గారావు కోర్టులో ఒప్పుకున్నారు. గొంతు బాగా పట్టారని కూడా అన్నారు.

మొన్న ఉదయం పైడితల్లి పంతొమ్మిదో వార్డులోనే ఉంది. బండి చాటింపు ముగించి పాటలోకి వచ్చింది. మూడో ఇంటావిడ డబ్బాలు రెండూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గాజుపెంకులు విడిగా పాత గుడ్డలో మూటగట్టి తెచ్చింది.

"పైడితల్లీ, నీ పేరు చెప్పకూడదటే?"

"అవునమ్మా," అంది పైడితల్లి మూట అందుకుంటూ. "రోజూ సెప్తన్నారు."